కుక్క కాటు వార్త పక్కనే సీరం సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ సిటీ పేజీలో కుక్క కాటు వార్త లేని వారం ఉండటం లేదు. ఫలానా కాలనీలో ఒకే కుక్క దారిన పోయేవాళ్లందరినీ కరిచింది, ఫలానా గల్లీలో ట్యూషన్‌కి వెళ్తున్న పాప మీద పడ్డాయి, ఫిర్యాదు చేస్తే జీహెచ్‌ఎంసీ బండి వచ్చింది, రాలేదు, ఇవే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయినప్పుడు ఊరంతా ఉలిక్కిపడింది. తర్వాత 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద ఉత్తర్వులు ఇచ్చాక, వాటిని షెల్టర్లకు పంపాలా, ఆపరేషన్లు చేసి వదిలేయాలా అని ఇంటింటా వాదనలు మొదలయ్యాయి. ఆ వాదనలోకి నేను రావడం లేదు. నా బాధ వేరే. ఇన్ని వార్తల్లో, కాటు పడిన మనిషి ఆ క్షణం నుంచి ఏం చేయాలి, ఆస్పత్రికి వెళ్లాక ఏం అడగాలి అన్నది ఒక్క ముక్క ఉండదు. 'బాధితుణ్ని ఆస్పత్రికి తరలించి చికిత్స చేయించారు' అని ఆఖర్లో ఒక వాక్యం రాసి ముగించేస్తారు. ఆ చికిత్సలో ఏం వేశారు, ఏం వేయకుండా వదిలేశారు అన్నదాని మీదే ఆ మనిషి బతుకు ఆధారపడి ఉంటుందండీ.

నేను ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషిని. నా సర్వీసులో చాలా భాగం ఇంజెక్షన్ రూముల్లోనే గడిచింది. చంటిపిల్లల టీకాలు, మేకు గుచ్చుకున్నవాళ్లకు టీటీ సూదులు, కుక్క కరిచినవాళ్లు, కోతి గీరినవాళ్లు, వీళ్లతోనే పొద్దు పోయేది. అందుకే ఇంత చనువు తీసుకుని రాస్తున్నాను. బాగా చదువుకున్నవాళ్లకు కూడా తెలియని విషయం ఒకటి ఉంది. అంటురోగాల నుంచి కాపాడటానికి వేసే సూది మందుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి టీకా. రెండోది సీరం, డాక్టర్లు చీటీ మీద ఇమ్యునోగ్లోబులిన్ అని రాస్తారు. ఈ రెండూ చేసే పని ఒకటి కాదు, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. కుక్క గట్టిగా కరిచి రక్తం వచ్చిందంటే, అంతకుముందు రేబీస్ టీకాలు వేయించుకోని మనిషికి రెండూ పడాలి.

చాలా టీకాల్లో ఉండేది చంపేసిన క్రిమో, బలం తీసేసిన క్రిమో, లేదంటే దాని పైపొరలోని ఒక చిన్న ముక్కో. రేబీస్ టీకాలో ఉండేది చచ్చిన వైరస్, దానివల్ల జబ్బు వచ్చే ప్రసక్తే లేదు. అది ఒంట్లోకి వెళ్లాక మన తెల్లకణాలు దాని రూపు పట్టుకుని, దానికి సరిగ్గా అతుక్కునే యాంటీబాడీలు తయారుచేయడం నేర్చుకుంటాయి. కొన్ని కణాలైతే ఆ గుర్తును ఏళ్ల తరబడి దాచిపెట్టుకుంటాయి, అసలు క్రిమి వచ్చిన రోజు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన పని ఉండదు. ఇది మన ఒళ్లు సొంతంగా సంపాదించుకున్న రక్షణ. కాకపోతే దీనికి టైం పడుతుంది. రేబీస్ టీకా మొదటి డోసు పడ్డాక, పనికొచ్చేంత యాంటీబాడీలు రక్తంలోకి రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

సీరం అలా కాదు. అందులో యాంటీబాడీలు తయారుగా ఉంటాయి. గుర్రాలకు రేబీస్ టీకాలు వేసి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను తీసి శుద్ధి చేసి సీసాలో నింపుతారు. టీకాలు వేయించుకున్న మనుషుల ప్లాస్మా నుంచి తీసినవీ ఉన్నాయి, ఖరీదెక్కువ. ల్యాబ్‌లో తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా మన దేశంలో 2017లో వచ్చాయి. ఏదైనా సరే, గాయంలో పడిన నిమిషం నుంచే పనిచేస్తుంది. కానీ దానివల్ల మన ఒళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు, కొన్ని వారాల్లో అదంతా కరిగిపోతుంది. ఎండాకాలంలో మన కాలనీల్లో నీళ్ల సంగతి లాంటిదే ఇది కూడా. ట్యాంకర్ తెప్పిస్తే ఆ పూటకే సంపు నిండుతుంది, నాలుగు రోజుల్లో అయిపోతుంది. బోరు వేయించాలంటే ఆలస్యం, కానీ ఒకసారి నీళ్లు పడ్డాయంటే ఇంక అవి మనవే. బోరు పని పూర్తయ్యేదాకా ఇల్లు గడవాలంటే ట్యాంకర్ ఉండాల్సిందే.

రేబీస్ విషయంలో ఈ వారం పది రోజుల తేడా ఎందుకు ప్రాణాంతకమో చెప్తాను. కుక్క చొంగలో ఉన్న వైరస్ గాయంలోంచి కండలోకి దిగి, అక్కడి నరాల కొసలు పట్టుకుంటుంది. నరం లోపలికి దూరిందంటే, అక్కణ్నుంచి మెల్లగా వెన్నుపాములోకి, అక్కణ్నుంచి మెదడులోకి ఎక్కుతుంది. ఎక్కువమందిలో ఇది ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది, కొందరిలో వారంలోనే, అరుదుగా ఏడాది దాటాక కూడా. ముఖానికి, తలకి, మెడకి, చేతివేళ్లకి కరిస్తే మరీ ప్రమాదం, అక్కడ నరాలు ఎక్కువ, ముఖం, తల, మెడ అయితే మెదడుకి కూడా దగ్గర. ఒకసారి నరంలోకి వెళ్లాక యాంటీబాడీలకు అది చిక్కదు. కాబట్టి అది గాయం దగ్గర ఉండగానే పట్టుకోవాలి. టీకా నేర్పిన యాంటీబాడీలు వచ్చేలోగా ఆ గాయం దగ్గర కాపలా ఉండేది సీరం ఒక్కటే.

ఇక జబ్బు బయటపడిందంటే, అంటే పాత గాయం దగ్గర తిమ్మిరి, మంట, జ్వరం, ఆపైన నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోవడం మొదలైందంటే, చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. బతికినవాళ్లు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ వార్డులో డ్యూటీ చేసినవాళ్లు ఆ చూపులు మర్చిపోలేరు, నేనూ మర్చిపోలేదు. దాహంతో గ్లాసు అందుకుంటారు, నోటి దాకా తెచ్చుకుంటారు, తాగలేరు. మాట స్పష్టంగానే ఉంటుంది, తనకేం జరుగుతోందో తెలుస్తూనే ఉంటుంది. ఐసీఎంఆర్ శాస్త్రవేత్తల అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 5,700 మందికి పైగా ఇలా పోతున్నారు. అంతకుముందు అంచనాలైతే ఇంకా ఎక్కువే ఉండేవి. ఇది మందు లేని రోగం కాదు కదా, సకాలంలో సరిగ్గా చికిత్స అందితే నూటికి నూరు పాళ్లకు దగ్గరగా ఆపగలిగిన రోగం. అందుకే ఒక్కరు పోయినా నాకు మనసు ఊరుకోదు.

మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ కొడుకు సంగతి చెప్తాను. హైస్కూలు పిల్లవాడు, సైకిల్ మీద వస్తుంటే కుక్క వెంటపడి పిక్క పట్టుకుంది. నాలుగు పళ్ల గాట్లు, ఒకటి బాగా లోతుకి దిగింది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్తే దూదితో తుడిచి, రెండు కుట్లు వేసి, ఒక టీకా పిర్రకి పొడిచి పంపించారు. నాకు తెలిసేసరికి కొన్ని రోజులు అయిపోయింది. చీటీ చూపించమన్నాను. సీరం మాటే లేదు. ఆవిడేమో, "ఇంజెక్షన్ వేయించినం కదమ్మా, పైసలు కూడా మస్తు తీసుకున్నరు, ఇంకేంది?" అంది. ఆవిడ తప్పేం లేదు, డాక్టరు దగ్గరికే తీసుకెళ్లింది, అడిగినంత ఇచ్చింది.

ఆ క్లినిక్‌లో జరిగిన పొరపాట్లు ఒక్కొక్కటే చెప్తాను, ఎందుకంటే ఇవే చాలాచోట్ల జరుగుతున్నాయి. మొదటిది, గాయం కడగలేదు. సబ్బుతో, పంపు కింద ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, ఇంట్లోనే, ఆటో ఎక్కకముందే. ఈ వైరస్‌కి పైన ఉండేది కొవ్వు పొర, సబ్బు తగిలితే అది విచ్చుకుపోతుంది. పైసా ఖర్చు లేని ఈ పని వల్లే ముప్పు చాలా వరకు తగ్గుతుంది. రెండోది, కుట్లు. కుక్క కాటుకు వెంటనే కుట్లు వేయకూడదు, వైరస్‌ని ఇంకా లోపలికి నెట్టినట్టవుతుంది. మరీ తప్పనిసరైతే ముందు సీరం వేసి, తర్వాత వదులుగా ఒకటో రెండో. మూడోది, పిర్రకి టీకా. అక్కడ కొవ్వు ఎక్కువ, టీకా సరిగ్గా పట్టదు. పెద్దవాళ్లకు భుజానికి, మరీ చిన్నపిల్లలకు తొడ ముందు భాగానికి వేయాలి. పిర్రకి వేసింది డోసు కింద లెక్కలోకి రాదు. నాలుగోది అన్నింటికన్నా పెద్దది, సీరం.

మొదటి టీకా పడిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు సీరం వేయొచ్చు. ఆ తర్వాత ఒళ్లు తన సొంత యాంటీబాడీలు మొదలుపెట్టేస్తుంది కాబట్టి అవసరం తీరిపోతుంది. మా అదృష్టం, గడువు ఇంకా దాటలేదు. పిల్లవాణ్ని తీసుకుని పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాం. బరువు తూచారు. గుర్రపు సీరం కిలోకి 40 యూనిట్లు, మనుషుల నుంచి తీసినదైతే కిలోకి 20, ఈ లెక్క దాటకూడదు. ఇది భుజానికో నడుముకో వేసేసి పంపే మందు కాదు. సన్న సూదితో ఒక్కో పంటి గాటు అంచులోకీ, అడుగుకీ కొంచెం కొంచెంగా ఎక్కించాలి. మందు దిగుతుంటే ఆ చుట్టూ చర్మం పాలిపోయి ఉబ్బుతుంది, నొప్పి బాగానే ఉంటుంది. పిల్లవాడు బల్ల అంచు గట్టిగా పట్టుకుని పళ్లు బిగించాడు, ఆ సిస్టర్ తొందరపడకుండా నాలుగు గాట్లూ పూర్తి చేసింది. గాయాలు ఎక్కువుండి మందు సరిపోకపోతే సెలైన్ కలిపి పెంచుకుంటారు తప్ప ఏ గాయాన్నీ వదలరు. టీకా మళ్లీ భుజానికి మొదలుపెట్టారు. ఇప్పుడు పిల్లవాడు బాగున్నాడు.

చిన్న క్లినిక్‌ల వాళ్లు ఎందుకు సీరం జోలికి పోరంటే, ఫ్రిజ్‌లో స్టాకు ఉంచుకోవాలి, ఖరీదైనది, గాయంలో వేయడానికి టైం, చేతి నేర్పు కావాలి, రియాక్షన్ వస్తే చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, కాదనను. కానీ దగ్గర లేకపోతే 'మా దగ్గర లేదు, ఫలానా ఆస్పత్రికి ఈరోజే వెళ్లండి' అని చీటీ రాసివ్వాలి. 'అవసరం లేదులే' అని చెప్పడం మాత్రం నేరంతో సమానం. నారాయణగూడలో ఐపీఎం, అంటే ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది, నల్లకుంటలో ఫీవర్ ఆస్పత్రి, మన పెద్దవాళ్లు కోరంటి దవాఖాన అనేది, అదుంది. ఊరు నడిబొడ్డులో ఇన్ని పెట్టుకుని పిల్లలు సగం వైద్యంతో ఇంటికి పోవడం ఏమిటి?

గుర్రపు సీరం అనగానే భయపడేవాళ్లు చాలామంది. రియాక్షన్ వస్తుందట, వద్దు అంటారు. ఒకప్పుడు సరిగ్గా శుద్ధి చేయని రోజుల్లో ఆ గొడవ ఎక్కువ ఉండేది. ఇప్పుడు తయారయ్యేవి బాగా శుద్ధి చేసినవి, ఎప్పుడైనా ఎవరికైనా రియాక్షన్ వచ్చినా వెంటనే ఇచ్చే మందులు ట్రేలో తయారుగా పెట్టుకునే వేస్తారు, వేశాక కాసేపు కూర్చోబెడతారు. రేబీస్ ముప్పు ముందు ఆ భయం లెక్కలోది కాదు.

జనానికి ఉండే ఇంకో అనుమానం సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చాలాచోట్ల రేబీస్ టీకా చర్మం పొరలోకి వేస్తారు, ఒక్కో భుజానికి 0.1 మిల్లీలీటరు. సూది మొన చర్మం కిందే కనిపిస్తుంటుంది, చిన్న బఠాణీ అంత బుడగ లేస్తుంది, అంతే. జనం ఆ కాస్త మందు చూసి, మాకు సగమే వేశారు, మిగతాది మిగుల్చుకున్నారు అని గొడవపడేవాళ్లు. చర్మంలో క్రిమిని పసిగట్టే కణాలు చాలా ఎక్కువ ఉంటాయి, అందుకే అక్కడ కొంచెం మందే పూర్తి పని చేస్తుంది. ఇది కక్కుర్తి కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న పద్ధతి. ఈ పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వెళ్లాలి. కండకి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. చాలామంది మూడో డోసు దాకా వచ్చి, కుక్క బాగానే తిరుగుతోంది కదా అని ఆగిపోతారు. పెంపుడు కుక్కను పది రోజులు గమనించమని చెప్పే మాట నిజమే, కరిచిన పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేదన్నమాట. కానీ అప్పటిదాకా టీకా మొదలుపెట్టకుండా కూర్చోకూడదు, మొదలుపెట్టాక ఆపేది డాక్టరే తేల్చాలి, మనం కాదు. పిచ్చెక్కినట్టు కనిపించే కుక్క మాత్రమే ప్రమాదం అనుకోవడం కూడా పొరపాటే, లక్షణాలు పైకి కనిపించకముందే కొన్ని రోజులపాటు చొంగలో వైరస్ వస్తుంటుంది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే కథ మన ఇళ్లల్లో ఇంకా బతికే ఉంది. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా, 2005 నాటికే మన దేశంలో దాన్ని ఆపేశారు. ఆ భయంతో ఇప్పటికీ పసరు వైద్యానికో, మంత్రం వేయించడానికో పోయేవాళ్లను చూస్తున్నాను. గాయం మీద కారం, సున్నం, పసుపు అద్దడం వల్ల లోపల కండ ఒరుసుకుని ఇంకా కీడే జరుగుతుంది. పథ్యాలు కూడా ఏమీ లేవు. పప్పు, గుడ్డు, వంకాయ, అన్నీ తినొచ్చు. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ టీకా, సీరం రెండూ వేయొచ్చు, వేయాలి. కరిచి నెల రోజులైపోయింది, ఇప్పుడెందుకులే అనుకునేవాళ్లు కూడా లక్షణాలు రాకముందే వెళ్లాలి, ఆలస్యమైందని ఏ ఆస్పత్రీ వెనక్కి పంపకూడదు.

నేను కుక్క కాటు గురించే ఇంత రాస్తున్నా, ఈ టీకా, సీరం తేడా దానికొక్కదానికే పరిమితం కాదు. తల్లికి హెపటైటిస్ బి ఉంటే, పుట్టిన బిడ్డకు 12 గంటల్లోపు ఒక తొడకి టీకా, ఇంకో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ వేస్తారు, సరిగ్గా ఇదే లెక్క. పుట్టుకతో అంటుకున్న హెపటైటిస్ బి పదిమంది బిడ్డల్లో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక లివర్ పాడుచేస్తుంది. ఇనుప మేకు గుచ్చుకుంటే అందరూ పరుగెత్తుకుంటూ టీటీకి వస్తారు, మంచిదే, కానీ చిన్నప్పుడు టీకాలే వేయించుకోని మనిషికి లోతైన మురికి గాయం అయితే ఆ ఒక్క సూది ఈ గాయానికి అందిరాదు, ధనుర్వాతం ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. చిన్నప్పుడు పూర్తిగా వేయించుకున్నవాడికైతే ఒక బూస్టర్‌తో పాత జ్ఞాపకం లేచి కొద్దిరోజుల్లోనే యాంటీబాడీలు పెరుగుతాయి. చిన్నప్పటి టీకా విలువ అప్పుడు తెలుస్తుంది.

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, ఈ నగరానికి కొత్త కాదు, ఫీవర్ ఆస్పత్రి ఎన్నో ఏళ్లుగా ఆ కేసులు చూస్తూ వచ్చింది. ఆ క్రిమి వదిలే విషం గుండెకు పట్టేశాక సీరం వేసినా దాన్ని వదిలించలేదు. అందుకే అనుమానం రాగానే, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా వేసేస్తారు. అసలు సీరం వైద్యం పుట్టిందే ఇలాంటి జబ్బుల కోసం. 1890లో జర్మనీలో బేరింగ్, జపాన్ నుంచి వచ్చిన కిటసాటో కలిసి, ధనుర్వాతం, కంఠసర్పి తట్టుకున్న జంతువుల సీరం వేరే జంతువుకి ఎక్కిస్తే అది కూడా తట్టుకుంటుందని చూపించారు. 1901లో వైద్యానికి మొట్టమొదటి నోబెల్ ఇచ్చింది ఈ పనికే, బేరింగ్‌కి. బేరింగ్, కిటసాటోల ప్రయోగానికి ఐదేళ్ల ముందే, 1885 జులైలో పారిస్‌లో పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి రేబీస్ టీకా వేసి బతికించాడు. నూట ముప్పై ఏళ్లు దాటిపోయింది ఈ రెండు మందులూ మనిషి చేతికి వచ్చి.

తల్లి కూడా బిడ్డకు ఇలాంటి రక్షణే ఇచ్చి పంపుతుంది. గర్భంలో ఉండగానే ఆమె యాంటీబాడీలు మాయ గుండా బిడ్డలోకి చేరతాయి. గర్భిణికి టీడీ సూది, అంటే ధనుర్వాతం, కంఠసర్పి టీకా వేసేది అందుకే, పుట్టిన బిడ్డకు ధనుర్వాతం రాకుండా. ఆ పని కూడా తోడై 2015లో మన దేశం పురిటి బిడ్డల ధనుర్వాతం నుంచి బయటపడిందని ప్రకటించారు. తట్టు టీకా పుట్టగానే ఎందుకు వేయరు, తొమ్మిది నెలల దాకా ఎందుకు ఆగమంటారు అని తల్లులు నన్ను అడిగేవాళ్లు. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు అప్పటిదాకా రక్తంలో ఉంటాయి, టీకాలోని బలహీనపు వైరస్‌ని అవి ముందే పట్టేస్తాయి, బిడ్డ ఒళ్లు నేర్చుకునే అవకాశం ఉండదు. కుక్క కాటుకు సీరం లెక్క దాటి ఎక్కువ వేయొద్దని చెప్పేదీ ఇందుకే, ఎక్కువైతే టీకా పని మందగిస్తుంది. టీకా వేసిన చోట సీరం వేయకూడదు, ఒకే సిరంజిలో కలపకూడదు.

ఇదంతా హైదరాబాద్‌లో ఉండి రాస్తుంటే ఒకటి మింగుడుపడదు. 1897లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమలో పట్టుకున్నది సికింద్రాబాద్‌లో. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో శాంతా బయోటెక్నిక్స్ నుంచి, అంటే ఈ ఊరి నుంచి వచ్చింది. రేబీస్ టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ గచ్చిబౌలిలో ఉంది. భారత్ బయోటెక్, బయలాజికల్ ఇ ఇక్కడివే. ఇంత టీకాలు చేసే నగరంలో కుక్క కరిచిన పిల్లవాడి తల్లికి సీరం పేరు తెలియదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కుక్కలకు టీకాలు వేయడం ముఖ్యం కాదని నేననను. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు వేస్తే వాటిలో రేబీస్ గొలుసు తెగుతుంది, 2030కల్లా కుక్కల వల్ల వచ్చే రేబీస్ మరణాలు లేకుండా చేస్తామని మన ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం నెరవేరాలంటే అసలు పని అదే. కుక్కల్ని పట్టే సిబ్బందికీ, పశువుల ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకూ ముందుగానే రేబీస్ టీకాలు వేయించాలి. అలా వేయించుకున్నవాళ్లకు తర్వాత కుక్క కరిస్తే మొదటి రోజు, 3వ రోజు రెండు డోసులు చాలు, సీరం అక్కర్లేదు, ఎందుకంటే వాళ్ల ఒళ్లు ముందే నేర్చుకుని ఉంది. ఇది ఎంతమంది కార్మికులకు అందుతోందో మీ రిపోర్టర్లు కనుక్కుని రాస్తే చాలా మేలు.

ఇప్పుడు నా విన్నపం. కుక్క కాటు వార్త వేసిన ప్రతిసారీ దాని కిందే చిన్న బాక్సు వేయండి. సబ్బుతో 15 నిమిషాలు ధార నీళ్ల కింద కడగండి, కుట్లు వేయనివ్వకండి, టీకా భుజానికే వేయించుకోండి, రక్తం వచ్చిన ప్రతి గాయానికీ, గాయం మీద నాకినా, కంట్లో నోట్లో చొంగ పడినా సీరం అడగండి, మొదటి టీకా నుంచి ఏడు రోజులు దాటనివ్వకండి, డోసులన్నీ పూర్తి చేయండి. ఇంతే రాయండి. రోజూ కొత్తగా రాయాల్సిన పని లేదు, అదే బాక్సు మళ్లీ మళ్లీ వేసినా ఎవరూ విసుక్కోరు.

ఆరోగ్యశాఖ వాళ్లకు కూడా మీ ద్వారా ఒక మాట. కుక్క కాటు చీటీ మీద, ప్రభుత్వ ఆస్పత్రిలో అయినా ప్రైవేటులో అయినా, సీరం వేశాం, వేయలేదు, అవసరం లేదు అని మూడు గడులు అచ్చు వేయించండి. ఏదో ఒకదానికి టిక్కు పెట్టి సంతకం చేయాల్సి వస్తే ఎవరూ మర్చిపోరు, ఎవరూ తప్పించుకోరు. తర్వాతి డోసులు ఇంటి దగ్గరి బస్తీ దవాఖానలో ఏ ఇబ్బందీ లేకుండా దొరికితే, కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారి వచ్చే జనం మధ్యలో మానేయరు. ఆ చీటీ తెలుగుతో పాటు ఉర్దూలో, హిందీలో కూడా ఉండాలి, కట్టడాల దగ్గర పనిచేసే వలస కూలీల పిల్లలు కూడా ఈ కాట్లకు గురవుతున్నారు, వాళ్లకు మన బోర్డులు చదవడం రాదు.

ఈ ఉత్తరం పెద్దదైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే చరిత్ర సంగతులు తీసేయండి, గాయం కడగడం, సీరం, ఏడు రోజులు, ఈ మూడూ మాత్రం ఉంచండి. పాతబస్తీలో తెలిసిన టీచరమ్మ ఒకావిడ దీన్ని ఉర్దూలో రాసిస్తానన్నారు, ఉర్దూ పత్రికలకు కూడా పంపిస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
విద్యానగర్, హైదరాబాద్